ఇరుసుకు ముందు బరువు

అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను నత్త. ఇల్లు వీపున వేసుకుని మెల్లగా పోయేది నత్త. ఇతనూ అంతే, కాకపోతే ఇతను మోసేవి పరుల ఇళ్ళు. వ్యాను వెనక ట్రైలర్ తగిలించుకుని ఒక ఇంటివాళ్ళ మంచాలు, బల్లలు, గిన్నెలు, అద్దాలు ఇంకో ఇంటికి చేర్చడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా అదే బతుకు. గంటకు అరవై దాటి ఏనాడూ నడపలేదు. వెనక హారన్లు మోగితే పక్కకి జరిగి దారి ఇచ్చేవాడు. దాటిపోయేవాళ్ళు కిటికీలోంచి ఏదో ఒకటి అనేసి పోతే, ఎవరో కుశలం అడిగినట్టు తల ఊపేవాడు.

పని నేర్పింది మేనమామ. మొదటి మూడు నెలలు స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదాయన. తగిలించడం, విప్పడం, మళ్ళీ తగిలించడం, మళ్ళీ విప్పడం. వ్యాను వెనకున్న ఇనప గుండు మీద ట్రైలర్ మూతి సరిగ్గా కూర్చుందో లేదో కంటితో చూస్తే చాలదు, చేత్తో పట్టి పైకి లాగి చూడాలి. గొలుసులు కింద ఒకదాని మీదుగా ఒకటి వేయాలి. లైట్ల తీగ మలుపులో తెగనంత వదులుగా, రోడ్డుకి రాసుకోనంత బిగువుగా ఉండాలి. బరువైన సామాను ఇరుసుకు ముందు, తేలికైనది వెనక. పది పాళ్ళలో ఆరు పాళ్ళు ముందుంటే ట్రైలర్ బుద్ధిగా వెంట వస్తుంది. బరువు తోకలో పడిందా, ముందున్న బండిని కూడా తనతో పాటు ఆడిస్తుంది.

"వెనకున్నది నీ నోటి మాట వినదురా, నీ కాలి మాట వింటుంది" అనేవాడు మేనమామ. "అది ఊగడం మొదలెడితే నీ కాలు బ్రేకు మీదకే పోతుంది. పోనివ్వకు. కాలు పైకి తీసెయ్. స్టీరింగ్ తిన్నగా పట్టుకో. దాన్నే సర్దుకోనివ్వు."

ఈ మాటలు అతని ఒంట్లో ఎంతగా ఇంకిపోయాయంటే, నిద్రలో ఏదైనా కల బెదిరిస్తే కుడికాలు దుప్పటి కింద మెల్లగా పైకి లేచేదట. ఆ సంగతి చెప్పి నవ్వేది అతని భార్య.

ఆమె పరిచయమైందీ ఒక ఇల్లు మార్చే పనిలోనే. తల్లీ కూతురూ అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారు. కూతురు గాజుసామానంతా పాత కాగితాల్లో ఎంత ఒద్దికగా చుట్టిందంటే, అవతలి ఇంట్లో విప్పితే ఒక్క కప్పు చెవి కూడా విరగలేదు. ఇంత బాగా కట్టినవాళ్ళని ఎక్కడా చూడలేదని అతను ఆ పెద్దావిడతో అన్నాడు. ఆ మాట అనడానికి మరో మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాడు. పెళ్ళయ్యాక ఆ అత్తగారు వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పేది: సామాను దించమని పిలిస్తే మా అమ్మాయిని ఎక్కించుకుపోయాడు. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినంత సంబరంగా చెప్పేది. అతనూ అంతే సిగ్గుగా తల దించుకునేవాడు.

పిల్లలు పుట్టలేదు. ఇద్దరూ కలిసి పనికి వెళ్ళేవాళ్ళు. ఆమె సామాను కట్టేది, అతను ఎక్కించేవాడు. ఇరుకు సందుల్లో ట్రైలర్‌ని వెనక్కి తోలేటప్పుడు ఆమె దిగి, అద్దంలో కనపడేలా నిలబడి రెండు అరచేతులూ ఎదురెదురుగా పట్టుకునేది. గోడ దగ్గరయ్యేకొద్దీ అరచేతులు దగ్గరయ్యేవి. అద్దంలో ఆ చిన్న ఖాళీని చూస్తూ అతను ప్రపంచంలోని ఏ సందులోకైనా దూరగలిగేవాడు. "ఇక చాలు నత్తగారూ, గోడకి ముద్దు పెడతారా ఏం" అని ఆమె అంటే బండి ఆపేవాడు.

ఏడాది కిందట ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఒక రిటైరైన హెడ్మాస్టరు సామానుతో వెళ్తున్నారు. ట్రైలర్ నిండా పుస్తకాలు. పుస్తకాలంత మొండి బరువు ఇంకోటి లేదు. దారిలో ఆమెకి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తల్లి పరిస్థితి బాగాలేదు, వెంటనే రండి అన్నారు. అంతకు రెండు రోజుల ముందే మామూలు జ్వరమని చేర్పించారు, ముందురోజు సాయంత్రం కూడా ఫోన్లో జోకులు వేసిందావిడ. ఆసుపత్రి నూట పది కిలోమీటర్లు. అతను మరుమాట లేకుండా బండిని అటు తిప్పాడు.

మధ్యలో ఒక కొండదారి ఉంది. ఆ దారిన గేరు తగ్గించి, ఆచితూచి దించాడు. దిగాక బండి పక్కకి తీసి ఆపాడు. కొండ దిగాక పట్టీలు ఒకసారి చూసుకోవాలన్నది మేనమామ పెట్టిన నియమం. నాలుగు నిమిషాలు. ఆమె సీట్లో ముందుకి వంగి కూర్చుని, రెండు చేతులూ ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు మీద ఆనించి, బండిని తానే తోస్తున్నట్టు ఉంది. ఆ తరవాత అరవై. అరవై మీదే సూది మేకు కొట్టినట్టు నిలబడింది. ఆమె వేగంగా పొమ్మని ఒక్కసారి కూడా అనలేదు. అతన్ని ఎరిగిన మనిషి కదా, అనలేదు.

ఆసుపత్రి గేటులో ట్రైలర్ పట్టదు. ఆమె రోడ్డు మీదే దూకి పరుగెత్తింది. అతను బండి నిలపడానికి చోటు వెతుక్కుని, అద్దంలో ఎవరూ నిలబడకుండానే వెనక్కి తోలి, లోపలికి వెళ్ళేసరికి ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. పదకొండు నిమిషాలు ఆలస్యమైందట. తల్లి ఆఖరిదాకా వచ్చారా, వచ్చారా అని అడుగుతూనే ఉందని నర్సు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఇంటికొచ్చాక వంట చేసింది, బట్టలు ఉతికింది, అడిగినదానికి జవాబు చెప్పింది. నత్తగారూ అనడం మాత్రం మానేసింది. పనికి వెంట రావడం మానేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటుంటే, పైకి వినపడకుండా రెండు లెక్కలు నడిచేవి. ఎనభైలో వెళ్ళి ఉంటే అమ్మ కళ్ళు తెరిచి ఉండగా చేరేవాళ్ళం అన్నది ఆమె లెక్క. ఆ కొండదారిలో, వెనక అన్ని పుస్తకాలతో, ఎనభైలో వెళ్ళి ఉంటే మనమే చేరేవాళ్ళం కాదు అన్నది అతని లెక్క. రెండూ సరైనవే. రెండు సరైన లెక్కల మధ్య ఆ ఇంట్లో గాలి ఆడేది కాదు.

తల్లి ఇంటి నుంచి ఒక పాత ఇనప బీరువా మాత్రం తెచ్చుకుందామె. తల్లి చీరలు, కళ్ళద్దాలు, ఇత్తడి గిన్నెలు, ఎప్పటివో ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. తాళంచెవి ఎప్పుడూ ఆమె దగ్గరే.

ఏడాది నిండిన వారానికి, కూర తరుగుతూ తల ఎత్తకుండా అంది:

"నేను విడిగా ఉంటానండీ."

దూరపు ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్ పని దొరికిందట. ఉండటానికి రెండు గదులు ఇస్తారట. ఒకటో తారీఖున చేరాలట. "సామాను ఎంత ఉంటుంది" అన్నాడు అతను. అడగాల్సింది అది కాదని నోరు దాటాక తెలిసింది. ఆమె కత్తిపీట మీద చేయి ఆపి, "ఒక్క ట్రిప్పే" అంది.

ఆమె పినతల్లి కొడుకు ఎవరిదో లారీ మాట్లాడతానన్నాడు. అతను వద్దన్నాడు. వాళ్ళు బ్రేకు ఎలా కొడతారో తను చూశాడని, బీరువా అద్దం ముక్కలవుతుందని చెప్పాడు. అది నిజమే. కానీ అసలు సంగతి వేరే. ఆ ఊరు చేరాలంటే అతని వేగానికి మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఆమె పక్కనే కూర్చుంటుంది. మధ్యలో ఏదో ఒక మైలురాయి దగ్గర తనకి మాట పుడుతుంది. ఆమె కోపం ఒక్కసారి బయటపడిపోతే చాలు, బండి వెనక్కి తిప్పేయొచ్చు. ఏడాదిగా అతను నమ్ముకున్నది ఇదొక్కటే. తమ ఇద్దరి మధ్య ఉన్నది ఆ కోపమే, అది పోతే మనిషి తిరిగొస్తుంది.

ప్రయాణం రోజు పొద్దున్నే లోడు మొదలుపెట్టాడు. సాయానికి కింది వాటాలోని దర్జీ వచ్చాడు. బీరువా ముందు ఎక్కిద్దామా అని దర్జీ అడిగితే, ఆగమన్నాడు. మంచం ఎక్కించాడు. కుర్చీలు, పరుపు, పుస్తకాల అట్టపెట్టెలు ఎక్కించాడు. కుట్టుమిషన్ ఎక్కించాడు. బీరువా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇంకేదో గుర్తొచ్చేది. అది ఇంట్లోంచి కదిలిందంటే ఆమె నిజంగానే వెళ్ళిపోతున్నట్టు. ఒకవేళ, ఇప్పటికి ఇది ఇక్కడే ఉండనివ్వండి, తరవాత చూద్దాం అంటుందేమో. అనలేదు. ఆఖరికి ట్రైలర్‌లో తోక దగ్గర తప్ప చోటు మిగల్లేదు. బీరువా ఖాళీ చేసి ఎక్కించాలన్నది ఎవరికైనా తనే చెప్పే మాట. ఆమెకి మాత్రం చెప్పలేకపోయాడు. నిండు బీరువాని ఇద్దరూ చక్రాల బండి మీద తోసి, తోకలో నిలబెట్టి పట్టీలు బిగించారు.

తగిలించేటప్పుడు ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఏడాది తరవాత అదే మొదటిసారి. అతను మూతిని పట్టి పైకి లాగి చూశాడు. ఎప్పుడూ మొరాయించే బరువు చేతిలో దూదిలా తేలిపోయింది. ఆ తేలికదనం అరచేతికి తెలిసింది గానీ తల దాకా వెళ్ళలేదు. తలలో ఆమె నిలబడి ఉంది. గొలుసులు వేయడం, తీగ కలపడం, అన్నీ ఆమె కళ్ళార్పకుండా చూసి, చేతి గడియారం వంక ఒకసారి చూసుకుని, బండెక్కింది.

మొదటి గంట అలాగే గడిచింది. ఎండ ముందు అద్దం మీద పలచగా పరుచుకుంది. అతను మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడుసార్లూ ఆమె కిటికీ వైపు తిరిగింది.

పెద్ద వంతెన మీద గాలి అడ్డంగా కొడుతోంది. వెనక నుంచి ఒక బస్సు రొద చేస్తూ దాటిపోయింది. అది దాటిన మరుక్షణం స్టీరింగ్‌లో ఒక వణుకు పుట్టింది. వెనక ట్రైలర్ కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి, మళ్ళీ కుడికి ఇంకాస్త ఎక్కువగా ఊగింది. వ్యానుని ఎవరో తోక పట్టి జాడిస్తున్నట్టు ఉంది. అద్దంలో వంతెన కమ్మీలు ఒకసారి కనిపించి, ఒకసారి మాయమవుతున్నాయి.

"బ్రేకు వేయండి" అంది ఆమె. ఆమె చేయి వచ్చి అతని మోకాలు పట్టుకుంది.

అతను వేయలేదు. కాలు పైకి తీసేశాడు. స్టీరింగ్‌ని తిన్నగా, పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సూది యాభైకి, నలభైకి, ముప్ఫైకి దిగింది. ఊపు ఒక్కొక్క మెట్టే దిగి, చివరికి అలిసిపోయి ఆగింది. ఆమె చేయి తీసుకుంది. మోకాలి మీద అయిదు వేళ్ళ వెచ్చదనం కాసేపు మిగిలింది.

"తప్పు నాదే" అన్నాడు. "బరువు వెనక పెట్టాను."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. ఆమెకి అది తెలుసు.

వంతెన దాటాక వాళ్ళకి ఎప్పటినుంచో అలవాటైన పెట్రోల్ బంకు ఉంది. వెనక పెద్ద ఖాళీ స్థలం. అక్కడికి మనిషి నడకంత నిదానంగా బండిని చేర్చాడు. అంతా దించి మళ్ళీ ఎక్కించాలి. బంకులో పనిచేసే ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం నత్తా, ఈసారి ఎవరి కొంప ఖాళీ చేయించావ్?"

"మాదే అన్నయ్యా" అంది ఆమె.

ముసలాయన పకపకా నవ్వాడు. చాన్నాళ్ళకి కనిపించావమ్మా, నువ్వు లేక వీడి మొహం ముడుచుకుపోయింది, పెద్దిల్లు కడుతున్నారన్నమాట, పిలవండి నన్ను అని చెప్పి, హారన్ మోగితే అటు వెళ్ళాడు. ఆ నవ్వు వెళ్ళిపోయాక ఆ ఆవరణంతా మరీ వెడల్పుగా అనిపించింది.

ఇద్దరూ పనిలో దిగారు. బీరువాని ముందు దించి నీడలో పెట్టారు. పెట్టెలు ఒకటొకటిగా దించారు. ఆమె చేతులు పాత అలవాటు మరిచిపోలేదు, అతను వంగకముందే రెండో అంచు పట్టుకునేది. ఖాళీ ట్రైలర్‌లోకి చెక్క వాలు మీదుగా బీరువాని తోశారు, ఇరుసుకు ముందు గోడకి ఆనించారు. బీరువాలో ఇత్తడి గిన్నెలు మెల్లగా మోగాయి. అతను పట్టీ బిగిస్తుంటే ఆమె బీరువా మీద చేయి వేసి నిలబడి అడిగింది.

"పొద్దున మీరు తగిలించడం చూశాను. ఆరు నిమిషాలు పట్టింది. విప్పడానికి ఎంత పడుతుంది?"

"అంతకంటే తక్కువే."

"ఆ రోజు ట్రైలర్ విప్పేసి, రోడ్డు పక్కన వదిలేసి, ఉత్త వ్యానులో వెళ్ళొచ్చుగా?"

పట్టీ అతని చేతిలో ఆగిపోయింది. చెప్పడానికి చాలా ఉన్నాయి. పరుల సామాను నడిరోడ్డున వదిలేస్తే ఎవరిది జవాబుదారీ అనొచ్చు. వదిలిపెట్టే చోటు లేదనొచ్చు. కొండ దిగాక తను ఆపిన జాగా కళ్ళముందు మెదిలింది. చదునుగా, వెడల్పుగా, పక్కనే ఒక టీ దుకాణం కూడా. అక్కడ నాలుగు నిమిషాలు పట్టీలు బిగించాడు తను. అవే నాలుగు నిమిషాల్లో విప్పేసి ఉండొచ్చు. ఏడాదిగా నడిపిన లెక్కంతా ఆ క్షణంలో చేతిలోంచి జారిపోయింది.

"వెళ్ళొచ్చు" అన్నాడు. "నాకు తట్టలేదు."

అతను ఏం వస్తే అది పడటానికి సిద్ధపడి నిలబడ్డాడు. ఏడాదిగా ఎదురుచూసిన కోపం ఇక వస్తుంది, వచ్చి తనని కడిగేస్తుంది. ఆమె పెదవులు కదిలాయి గానీ, వచ్చిన మాట వేరు.

"నాకూ తట్టలేదు" అంది. "పక్కనే కూర్చున్నాను. మీరు విప్పడం వేలసార్లు చూశాను. నాకెందుకు తట్టలేదండీ?"

బీరువాకి నుదురు ఆనించి ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. అతను పట్టీ వదిలేసి దగ్గరికి వెళ్ళి భుజం మీద చేయి వేశాడు. ఆమె వద్దనలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, కుట్టుమిషన్ ఎత్తడానికి రెండో వైపు పట్టుకుంది.

ఆ తరవాతి రెండు గంటలూ ట్రైలర్ వెనక ఉందన్న స్పృహే కలగనంత బుద్ధిగా వచ్చింది. అతని గుండె కూడా అలాగే తేలికపడింది. ముడి విడిపోయిందనుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని సీటుకి తల ఆనించి ఉంది. నిద్రపోతోందేమోనని గేరు కూడా చప్పుడు కాకుండా మార్చాడు.

హాస్టల్ వెనక రెండు గదులు. సున్నం వాసన. కిటికీలోంచి తీగల మీద ఆరేసిన యూనిఫాంలు కనిపిస్తున్నాయి. కాపలావాళ్ళిద్దరు వచ్చి చేయి వేశారు. అతను మంచం బిగించాడు, కుట్టుమిషన్ వెలుతురు వచ్చేచోట పెట్టాడు, బీరువాని గోడకి చేర్చాడు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఎడమ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, తలుపు దానంతటది తెరుచుకోకుండా చూశాడు. కాపలావాళ్ళు వెళ్ళిపోయారు. ఇంక చేయడానికి ఏమీ మిగల్లేదు. గుమ్మం దగ్గర నిలబడి మూడు గంటలుగా మోసుకొచ్చిన మాట అన్నాడు.

"ఇప్పుడు నా మీద కోపం లేదు కదా."

"లేదండీ."

"అయితే ఇవన్నీ మళ్ళీ ఎక్కించేస్తాను. గంటన్నర పని. ఇంటికెళ్దాం."

ఆమె పరుపు అంచున కూర్చుంది. అరచేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడింది.

"ఏడాదంతా మీ మీద కోపమనే అనుకున్నాను. అది పోతే అడుగున పాత మనిషి ఉంటుందనుకున్నాను. దారంతా కళ్ళు మూసుకుని అదే వెతుక్కున్నాను. ఏమీ లేదండీ. అమ్మ వచ్చారా, వచ్చారా అంటోంది, మనిద్దరం ఆ బండిలో కూర్చునే ఉన్నాం. మిమ్మల్ని చూస్తే ఆ బండి దిగలేను."

అతను తల ఊపాడు. దారిలో ఎవరో కిటికీలోంచి ఏదో అనేసి పోయినప్పుడు ఊపినట్టే. బీరువా ఎడమ కాలి కింద అట్ట ఉందనీ, జరిపితే అది తీసి మళ్ళీ పెట్టుకోవాలనీ చెప్పాడు. కుట్టుమిషన్‌కి నూనె వేసి తెచ్చానని చెప్పాడు. ఆమె సరే అంది. ఆదివారాలు వచ్చి ఏమైనా కావాలేమో చూడనా అని అడిగితే, వద్దండీ అంది. అంత మెత్తగా అనకుండా ఉంటే అతను ఇంకోసారి అడిగేవాడు.

ఖాళీ ట్రైలర్ నిండు ట్రైలర్ కంటే పొగరుగా ఉంటుంది. చిన్న గుంట వచ్చినా ఎగిరిపడుతుంది, గొలుసులు గలగలలాడుతాయి. ఊరు దాటి పది కిలోమీటర్లు ఆ చప్పుడు వింటూ నడిపాడు. రోడ్డు మీద తెల్ల గీతలు నీళ్ళలో కదిలినట్టు కదలడం మొదలైంది. అవి కదలకూడదు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ కదిలాయి. కనపడనప్పుడు నడపకూడదు.

రోడ్డు వెడల్పైన చోటు చూసుకుని, ఇండికేటర్ వేసి, చాలా ముందు నుంచే వేగం తగ్గించి పక్కకి తీశాడు. చేతి బ్రేకు లాగాడు. దిగి ట్రైలర్ చక్రాల కింద చెక్కముక్కలు పెట్టాడు. ఎర్ర త్రికోణం పట్టుకుని వెనక్కి యాభై అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, రోడ్డంచున నిలబెట్టి వచ్చాడు. బండెక్కి, తలుపు వేసి, కిటికీ అద్దం పైకి తిప్పాడు. అప్పుడు స్టీరింగ్ మీద తల పెట్టి, గొంతు విప్పి ఏడ్చాడు.

వెనక నుంచి వచ్చే బళ్ళు ఆ ఎర్ర గుర్తుని దూరం నుంచే చూసి, ఒకటొకటిగా వేగం తగ్గించి, అతన్ని తాకకుండా పక్కనుంచి వెళ్ళిపోయాయి.